న్యాయపీఠానికి దారి ఎవరి బిడ్డలకు?

సామాన్యుడు సుప్రీంకోర్టు మెట్లు ఎక్కడం అరుదు. అతడెరిగిన న్యాయమూర్తి తన ఊరి కోర్టులోని మున్సిఫు లేదా మేజిస్ట్రేటు. 1974 మే రైల్వే సమ్మెలో అరెస్టయి కోర్టుకు తేబడిన మన సోదరులు మొదట నిలిచినది అట్టి మేజిస్ట్రేటు ఎదుటనే. కావున ఆ పీఠంపై కూర్చుండువారు ఏ ఇంటినుండి, ఏ అనుభవంతో వచ్చుచున్నారన్నది మనకు పట్టని విషయం కాదు.

జస్టిస్ ఫాతిమా బీవీ జీవితాన్ని చూడుడు. కేరళలోని పత్తనంతిట్టలో జన్మించిన ఆమె ఒక ప్రభుత్వోద్యోగి కుమార్తె. 1950లో న్యాయవాదిగా చేరి, 1958లో మున్సిఫుగా నియమితురాలైనారు. సబ్‌జడ్జిగా, జిల్లా జడ్జిగా ఒక్కొక్క మెట్టే ఎక్కి, 1983లో హైకోర్టుకు, 1989లో సుప్రీంకోర్టుకు చేరి, అక్కడి తొలి మహిళా న్యాయమూర్తి అయినారు. జీతగాని ఇంటి బిడ్డకు ఆ దారి నాడు మూసి లేదు. మరి నేడు?

జూనియర్ సివిల్ జడ్జి పదవికి మూడేళ్ల న్యాయవాద వృత్తి ఉండవలెనని 1993లో సుప్రీంకోర్టు నిర్దేశించింది. షెట్టి కమిషన్ సిఫారసుపై 2002లో ఆ నిబంధనను తొలగించింది. 2025 మే 20న తిరిగి విధించింది. అనుభవం వలదని మేము అనము. బెయిలు దరఖాస్తుపై జడ్జి చేసే ఒక్క పొరపాటుకు మూల్యం, పేదవాడు జైలులో గడిపే రాత్రులు. కోర్టు గదిని చూడనివాడు తీర్పరి కారాదన్న మాట సమంజసమే.

అయితే ఆ మూడేళ్లు ఇల్లు గడిచేదెట్లు? సీనియరు వద్ద చేరిన కొత్త న్యాయవాదికి దక్కేది తరచు దారి ఖర్చులే. తండ్రి ఆస్తిపరుడైతే బాధ లేదు. ట్రాక్‌మన్ కుమార్తె, గ్రామీణ డాక్ సేవకుని కుమారుడు ఎవరిని అడుగవలె? ఉద్యోగం చేసుకొంటూ న్యాయశాస్త్రంలో పట్టా పొందిన మన సార్టింగు గుమాస్తా సంగతి మరీ కష్టం. పూర్తికాలపు జీతగాడు న్యాయవాద వృత్తి చేయరాదని బార్ కౌన్సిల్ నియమం. పరీక్ష వ్రాయుటకే అతడు ముందు ఉద్యోగం వదులుకోవలె.

జూనియర్లకు నెలకు పట్టణాలలో 20,000, గ్రామాలలో 15,000 రూపాయల భృతి చెల్లించవలెనని బార్ కౌన్సిల్ 2024లో సూచించింది. అది సూచన మాత్రమే, ఆదేశం కాదు. సూచనతో పొయ్యి వెలగదు.

అనుభవాన్ని చట్టం కోరినప్పుడు, ఆ అనుభవం గడించుటకు కావలసిన కూటిని కూడా చట్టమే చూపవలె. భృతిని తప్పనిసరి చేసి, ప్రభుత్వాలు అందులో వాటా భరించవలె. ఈ కోర్కెను మన శాఖలు తీర్మానాలుగా చేసి పంపవలెనని విజ్ఞప్తి చేయుచున్నాము. కూలివాని కష్టం ఎరిగిన ఇంటినుండి ఒక్కరైనా రాని న్యాయపీఠం సగం చూపుతోనే లోకాన్ని చూచును.