టన్నులు తెలుసు, లీటర్లు తెలియవు

సాస్తిలో ఏ షిఫ్టులో ఎన్ని టన్నుల బొగ్గు పైకొచ్చిందో టీకొట్టు దగ్గర ఎవరినడిగినా చెబుతారు. నేల కింద నీళ్లెన్ని అంటే మాత్రం అందరం ఆకాశం కేసి చూస్తాం. సాస్తి ఉన్న రాజురా ఇప్పుడు మహారాష్ట్రలో ఉంది గానీ, ఒకప్పుడు నిజాం ఏలుబడిలో ఆదిలాబాద్ జిల్లా తాలూకా. బొగ్గుబావుల పనికొచ్చి ఇక్కడే వేళ్లూనుకున్న తెలుగువాళ్లం, ఈ నీళ్లు తాగి పిల్లల్ని పెంచుకున్నాం. బావి కొలవలేదు.

కొలవడం బ్రహ్మవిద్యేం కాదు. వానలకు ముందోసారి, వెనకోసారి బావిలోకి టేపు వదలాలి. ఇసుకరాయి నేల తనలోంచి వదిలే నీరు నూటికి 3 పాళ్లని మామూలు లెక్క. హెక్టారు నేలలో నీటిమట్టం 3 మీటర్లు లేచిందంటే 900 ఘనపు మీటర్లు, అంటే 9 లక్షల లీటర్లు చేరినట్టు. ఇది పదో తరగతి పిల్లవాడు చేసే గుణకారం.

మరి ఎందుకు చేయలేదు? ఓపెన్‌కాస్ట్ గుంట నీటిమట్టం దాటి కిందికి దిగుతుంది. చుట్టూ ఉన్న ఇసుకరాయిలోని నీరు అందులోకి ఊరుతుంది. పంపులు ఆ నీటిని తోడి బయటికి పోస్తేనే బొగ్గు కదులుతుంది, బొగ్గు కదిలితేనే మన ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. కొలిస్తే మన జీతాన్నే నిలదీయాల్సి వస్తుందని లోలోపల మనకు తెలుసు. అమాయకత్వం కాదది, జాగ్రత్తగా కళ్లు మూసుకోవడం.

సర్కారు లెక్క ఉందిగా అని సర్దిచెప్పుకున్నాం. ఏటా నిండే నీటిలో 70 శాతంలోపు వాడితే ఆ ప్రాంతం 'సురక్షితం'. కానీ అది ఎంతో విస్తీర్ణానికి కట్టే సగటు. గుంట పక్కన ఎండిన బావి ఆ సగటులో కనబడదు. అదే లక్షద్వీప్‌లో అయితే మంచినీరు ఉప్పునీటి మీద పలుచని పొరగా తేలుతుంది. ఎక్కువ తోడితే నాలుకే చెప్పేస్తుంది. మనకు ఆ హెచ్చరికా లేదు, బావి అడుగు కనబడేదాకా అంతా బాగున్నట్టే ఉంటుంది.

2003 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, రైతులే భూగర్భజలాల బాగోగులు చూసుకునే ఏపీఫామ్‌జీఎస్ పథకంలో అనంతపురం, మహబూబ్‌నగర్ వంటి ఏడు కరవు జిల్లాల రైతులు తమ బావులు తామే కొలిచి, నీటి లెక్క చూసుకుని పంటలు ఎంచుకున్నారు. అక్షరం రానివాళ్లూ అందులో ఉన్నారు. గనిలో అంగుళాలు, టన్నులు తప్పకుండా రాసిన మనం వాళ్లముందు ఏం చెప్పుకుంటాం?

వచ్చే మే నెలలో, తొలకరికి ముందే, ప్రతి వీధిలో ఒక బావి కొలవండి. ఆ అంకెను పంచాయతీ గోడమీద తెలుగులోనూ మరాఠీలోనూ రాయండి.