గుజ్జు అరిగిందని కూర్చుంటే ఎలా?

ఉదయం ఎనిమిదిన్నర. మూసాపేట మెట్రో స్టేషన్. కాలేజీ కుర్రాళ్లు ఒక్క అంగలో రెండేసి మెట్లు దాటేస్తుంటారు. భుజాన ల్యాప్‌టాప్ బ్యాగు వేసుకున్న వాళ్లు ఫోను చూసుకుంటూనే ఎక్కేస్తుంటారు. ఓ పక్కగా కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్లూ ఆనించి, కాస్త ఊపిరి తీసుకుని మళ్లీ ఎక్కే పెద్దవాళ్లూ కనిపిస్తారు. 2017 నవంబరులో ఇక్కడికి రైలొచ్చింది. దాంతోపాటే ఈ మెట్లూ వచ్చాయి. 'ఏమైందమ్మా' అని ఎవరైనా పలకరిస్తే చాలామంది నోట వచ్చే జవాబు ఒక్కటే... 'మోకాళ్లలో గుజ్జు అరిగిపోయింది నాయనా!'

ఇంతకీ ఏమిటా గుజ్జు? నిజానికి అది గుజ్జు కానే కాదు. తెల్లగా, నున్నగా, గట్టి రబ్బరులా ఉండే పొర. పేరు మృదులాస్థి. తొడ ఎముక కింది చివరా, కాలి ఎముక పైభాగానా, మోకాలిచిప్ప లోపలివైపునా అతుక్కుని ఉంటుంది. మందం కొద్ది మిల్లీమీటర్లే. చెవి డొప్పని మడిచి వదిలితే టక్కున యథాస్థానానికి వస్తుందే, అదీ మృదులాస్థే. ముక్కు కొన, వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు కూడా ఆ కుటుంబమే. కోడికూరలో రొమ్ము ఎముక చివర కరకరలాడే ముక్క కోసం పిల్లలు పోటీపడతారు కదా... అది కూడా!

పరుపులాంటి పొర
బళ్లో సైన్సు పాఠంలో 'సంయోజక కణజాలం' అని చదువుకున్నది గుర్తుందా? శరీరంలోని భాగాలను కలిపి ఉంచే కణజాలమది. ఇందులో కణాలు తక్కువ, వాటి చుట్టూ ఉండే పదార్థం ఎక్కువ. ఆ పదార్థం ద్రవంగా ఉంటే రక్తం, కాల్షియం చేరి గట్టిపడితే ఎముక. తాళ్లలా పేనుకుని కండరాన్ని ఎముకకు కడితే స్నాయుబంధనం, ఎముకను ఎముకకు కడితే సంధిబంధనం. గట్టిదనం, మెత్తదనం రెండూ కలిస్తే మృదులాస్థి.

దూది పరుపును తలచుకుంటే దీని నిర్మాణం సులువుగా అర్థమవుతుంది. బిగుతైన పరుపు గుడ్డ స్థానంలో కొల్లాజెన్ అనే ప్రొటీను పోగుల వల ఉంటుంది. దూది స్థానంలో నీటిని పట్టి ఉంచే పెద్ద పెద్ద అణువులు ఉంటాయి. మోకాలి మృదులాస్థి బరువులో మూడింట రెండొంతులకు పైగా నీరే. మెట్లెక్కేటప్పుడు మోకాలి మీద శరీర బరువుకు మూడింతల భారం పడుతుంది. అరవై కిలోల మనిషైతే దాదాపు 180 కిలోలు! పల్చటి పొర అంత బరువును మోసేది ఆ వల, ఆ నీటి బిగువు వల్లనే.

మూడు పాయల జడ
ఈ కొల్లాజెన్ రూపం తేలడంలో మన దక్షిణాది పాత్ర పెద్దది. మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్.రామచంద్రన్, గోపీనాథ్ కర్తా కలిసి దాని నిర్మాణాన్ని 1954లో 'నేచర్' పత్రికలో ప్రకటించారు. మూడు పోగులు జడలా పెనవేసుకుని ఉంటాయన్నది దాని సారాంశం. జంతువుల తోలు కూడా ప్రధానంగా కొల్లాజెనే. అది కుళ్లకుండా గట్టిపరచడమే చర్మశుద్ధి. ఆ రసాయన శాస్త్రంలో పేరు తెచ్చుకున్న యలవర్తి నాయుడమ్మ మన గుంటూరు ప్రాంతపు యలవర్రు వారు. 1958లో మద్రాసులోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థకు డైరెక్టర్ అయ్యారు.

రక్తం అందని చోటు
మృదులాస్థిలో రక్తనాళాలు లేవు, నరాలూ లేవు. మరి దానికి తిండి ఎలా? నీళ్లలో స్పాంజిని పిండి వదిలినట్టే. అడుగు వేసినప్పుడు లోపలి ద్రవం బయటికి వస్తుంది, కాలు ఎత్తినప్పుడు కీలులోని ద్రవం పోషకాలతో సహా లోపలికి చేరుతుంది. అంటే, నడకే దానికి అన్నం! హైటెక్ సిటీలో కుర్చీ దిగకుండా పది గంటలు పనిచేసే పాతికేళ్ల కుర్రాడి మోకాలికైనా, ఇంట్లో కదలకుండా కూర్చునే బామ్మ మోకాలికైనా ఇదే సూత్రం.

రక్తం అందకపోవడంతో దెబ్బ తిన్న చోట కొత్త పొర సరిగా రాదు. లండన్ వైద్యుడు విలియం హంటర్ 1743లోనే ఈ సంగతి రాశారు. నరాలు లేకపోవడంతో నష్టం మొదట్లో తెలియదు. లోపలి ఎముకా, కీలు చుట్టూ ఉన్న పొరా ఇబ్బంది పడ్డాకే నొప్పి బయటపడుతుంది. అలాగని ఇది బండి టైరులా వాడేకొద్దీ అరిగేదీ కాదు. అధిక బరువు, పాత దెబ్బలు, వయసు, వంశం... అన్నీ కలిసి చేసే నష్టమిది.

పాయా తాగితే?
రాత్రంతా మరిగిన పాయా చల్లారితే జెల్లీలా గడ్డకడుతుంది. మేక కాళ్లలోని కొల్లాజెన్ కరిగి జెలాటిన్ కావడమే కారణం. రుచికి తిరుగులేదు కానీ, తాగింది నేరుగా మోకాలికి చేరదు. కడుపులో చిన్న చిన్న ముక్కలైపోతుంది. శరీరం కొల్లాజెన్ తయారుచేసుకోవాలంటే సి విటమిన్ తప్పనిసరి. ఉసిరి, జామ, నిమ్మ ఉండనే ఉన్నాయి. గ్లూకోసమైన్ మాత్రల మీద అమెరికాలో 1583 మందితో చేసిన పరిశోధన ఫలితాలు 2006లో వచ్చాయి. మొత్తం మీద ఉత్తుత్తి మాత్రల కన్నా అవి మెరుగని తేలలేదు. అరిగిన పొరను మళ్లీ మొలిపించే పొడులేవీ ఇప్పటికైతే లేవు.

మరేం చేయాలి?
* బరువు తగ్గించుకోవాలి. ఒక కిలో తగ్గితే అడుగడుగునా మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో ఒక అమెరికా పరిశోధన తేల్చింది.
* తొడ కండరాలను బలపరచాలి. కుర్చీలో కూర్చుని ఒక్కో కాలూ చాచి కాసేపు నిలిపి దించడం తేలికైన వ్యాయామం.
* నొప్పి ఉన్న రోజు లిఫ్టు ఎక్కడం నామోషీ కాదు. తగ్గాక చదునైన చోట నడక మొదలుపెట్టాలి.
* నొప్పి లేకుండా వచ్చే టకటక శబ్దాలకు భయపడక్కర్లేదు.
* కీళ్లు వాచినా, పొద్దున్నే గంటకు పైగా బిగుసుకుపోయినా వైద్యుణ్ని కలవాలి. అది కీళ్లవాతం కావచ్చు. దానికి వాడే మెథోట్రెక్సేట్ మందు వెనక భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం కృషి ఉంది.

గుజ్జు అరిగిందని కాళ్లు చాపుకుని కూర్చుంటే మిగిలిన గుజ్జుకూ పస్తే. కమ్మీ పట్టుకునైనా సరే, నిదానంగానైనా సరే... మూసాపేట మెట్ల మీద ఆ పెద్దవాళ్లు చేస్తున్నదే మంచి పని!