ఖాళీ గది

మినిమలిజం పేరుతో అమెరికాలో మనవాళ్ళు ముందు చేసే పని షాపింగ్. ఉన్న సోఫా పోయి తెల్ల సోఫా వస్తుంది, స్టీలు డబ్బాలు పోయి ఒకే సైజు గాజు సీసాలు. ఆ సోఫా మీద పిల్లలు పప్పన్నం తినకూడదు! సర్దడం మీద పుస్తకాలు రాసిన మేరీ కోండోయే నయం, ముగ్గురు పిల్లలయ్యాక ఆ పట్టు కాస్త వదిలేశానని 2023లో ఒప్పుకుంది.

మా అమ్మమ్మ వాళ్ళ ముందుగదిలో పగలు చాపలు చుట్టి మూల నిలబెట్టేవాళ్ళు. మడతమంచం గోడకి, బట్టలు దండెం మీద, దీపం గూట్లో. రాత్రి అక్కడే పదిమందిమి పడుకునేవాళ్ళం. మనుషులు రాగానే వస్తువులు పక్కకి తప్పుకునేవి.

గెస్ట్ రూమ్‌లో ఏడాదంతా ఖాళీగా పడుండే క్వీన్ బెడ్ ఎందుకు? నాలుగు బొంతలు అలమరలో పెట్టుకోండి. అమ్మానాన్నలొస్తే మన మంచం వాళ్ళకిచ్చి మనం కింద పడుకోవచ్చు. గ్రైండర్ మాత్రం కౌంటర్ మీదే ఉండనివ్వండి. ఫోటో పాడైతే పాడవనీ, దాన్ని రోజూ ఎవరు ఎత్తి దించుతారు?