ప్రామిసరీ నోటు మీద ఒక పరిశోధన కావాలి

మునేటి ఒడ్డున – వారం వారం

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం పాడికి పేరు, అంతకుముందు కలపకు పేరు. అక్కడి విశ్వవిద్యాలయంలో కాంట్రాక్టుల చట్టం చెప్పే స్టూవర్ట్ మెకాలే 1960ల మొదట్లో తన రాష్ట్రంలోని వ్యాపారులనూ వాళ్ల వకీళ్లనూ కలిసి కొన్ని ప్రశ్నలు అడిగాడు. సరుకు కొనేటప్పుడు కాగితం ఎలా రాసుకుంటారు? అవతలివాడు మాట తప్పితే ఏం చేస్తారు? 43 కంపెనీలు, 6 న్యాయవాద సంస్థలు, మొత్తం 68 మంది. తేలిందేమిటంటే, తరగతిలో ఏడాది పొడవునా తాను చెప్పే చట్టంతో ఆ వ్యాపారులకు పెద్దగా పని పడటం లేదు. పేచీ వస్తే ఫోన్ చేసి మాట్లాడుకుంటున్నారు, సర్దుకుంటున్నారు. రేపు మళ్లీ అదే మనిషితో బేరం ఉంటుంది కదా. కోర్టుకెక్కితే ఆ బేరం తెగినట్టే. 1963లో అచ్చయిన ఆ వ్యాసం పదిహేను పేజీలు కూడా ఉండదు. అరవై ఏళ్లు దాటినా లా చదివేవాళ్లు దాన్ని వదల్లేదు.

అది చదివిన ప్రతిసారీ నాకు నందిగామ, జగ్గయ్యపేట కోర్టులే గుర్తొస్తాయి. ఇక్కడి నోటు దావాల మీద ఇలాంటి పని ఎవరైనా చేస్తే ఎంత బాగుండును అనిపిస్తుంది.

ఆ రోజుల్లో అమెరికా లా చదువంతా హార్వర్డ్ బాటలో నడిచేది. 1870లో అక్కడ డీన్‌గా వచ్చిన లాంగ్డెల్, ఉపన్యాసాలు పక్కనబెట్టి పై కోర్టుల తీర్పులు చదివించాడు. ప్రశ్న మీద ప్రశ్న వేసి సూత్రాన్ని విద్యార్థి నోటే రాబట్టడం ఆ పద్ధతి. ఇరవయ్యో శతాబ్దం సగానికి వచ్చేసరికి దేశమంతా అదే పాకింది. బుర్రకు పదును పెట్టడంలో దానికి సాటి లేదు, ఒప్పుకోవాలి. కానీ ఆ చదువులో కక్షిదారు కనబడడు, సాక్షి కనబడడు. వాళ్ల గొడవ పై కోర్టుకు చేరేసరికి నాలుగు పేరాల ‘వాస్తవాలు’గా మిగులుతుంది. జెరోమ్ ఫ్రాంక్ అనే జడ్జి దీని మీదే జీవితాంతం పోరాడాడు. న్యాయం గెలిచేదీ ఓడేదీ కింది కోర్టులో సాక్షి బోనెక్కినప్పుడేనని, లా స్కూళ్లు ఆ చోటినే చూడటం మానేశాయని 1949లో ఏకంగా పుస్తకం రాశాడు. ఆసుపత్రిలో వైద్య విద్యార్థి నేర్చుకున్నట్టు, నిజమైన కేసుల దగ్గర లా విద్యార్థి నేర్చుకోవాలన్న మాట ఆయన 1933 నుంచే చెబుతున్నాడు.

1950లో వచ్చిన ఒక తీర్పును ఇక్కడ చెప్పుకోకుండా ఉండలేను. హ్యూస్టన్‌లో పోస్టల్ ఉద్యోగి హీమన్ స్వెట్. నల్లజాతివాడని టెక్సాస్ విశ్వవిద్యాలయం అతనికి లా సీటు ఇవ్వలేదు. నల్లవాళ్లకు వేరే లా స్కూలు పెట్టామంది రాష్ట్రం. అది చెల్లదని సుప్రీంకోర్టు కొట్టేసింది. పుస్తకాలూ అధ్యాపకులూ తక్కువన్నది ఒక కారణం. అంతకంటే లోతైన కారణం ఇంకొకటి చెప్పింది: రేపు ఆ విద్యార్థి ఎదుర్కోబోయే సాక్షులు, జ్యూరీలు, జడ్జీలు, తోటి వకీళ్లు ఏ సమాజం నుంచి వస్తారో ఆ సమాజానికి ఎడంగా ఉంచి అతనికి లా నేర్పడం కుదరదు. జాతి వివక్ష కేసులో చెప్పిన మాటే అయినా, లా చదువంటే ఏమిటో ఇంత సూటిగా చెప్పిన తీర్పు నాకు ఇంకొకటి కనబడలేదు.

మరి ఆ అమెరికా నుంచి మనకు ఏం వచ్చింది? చాలానే వచ్చింది. రాజ్యాంగం రాసే రోజుల్లో సలహాదారు బి.ఎన్. రావు అమెరికా వెళ్లి, ఒకప్పుడు హార్వర్డ్‌లో లా చెప్పిన జస్టిస్ ఫ్రాంక్‌ఫర్టర్‌ను కలిశారు. ‘డ్యూ ప్రాసెస్’ అన్న మాట పెడితే చట్టసభ చేసిన ప్రతి చట్టాన్నీ జడ్జీలు తిరగదోడతారని ఫ్రాంక్‌ఫర్టర్ హెచ్చరించారు. ఆ మాట పోయి 21వ అధికరణంలో ఇప్పుడున్న ‘చట్టం ఏర్పరిచిన పద్ధతి’ అన్న మాట చేరింది. ఆ మార్పును సమర్థించినవారిలో నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఉన్నారు. 1954 జులై 5న గుంటూరులో ఆంధ్ర హైకోర్టు తెరిచినప్పుడు మొదటి ప్రధాన న్యాయమూర్తి మన రాజమండ్రి బిడ్డ కోకా సుబ్బారావు. ఆయనే 1967లో గోలక్‌నాథ్ కేసులో, తీర్పు ఇకముందుకే వర్తిస్తుంది, వెనక్కి కాదు అనే సిద్ధాంతాన్ని అమెరికా న్యాయశాస్త్రం నుంచి తెచ్చి నిలబెట్టారు. ఖరక్ సింగ్ కేసులో పోలీసు నిఘాకు ఎదురు నిలిచి ఆయన రాసిన అసమ్మతి తీర్పు, 2017లో గోప్యత హక్కు తేల్చిన పుట్టస్వామి కేసు నాటికి సుప్రీంకోర్టు మాటే అయింది. 1956లో ఢిల్లీలో ఇండియన్ లా ఇన్‌స్టిట్యూట్ పుట్టింది. ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బుతో అమెరికా ప్రొఫెసర్లు మన లా కాలేజీలు చూడటానికి వచ్చారు. తర్వాత బెంగళూరు నేషనల్ లా స్కూలు, 1998లో హైదరాబాద్ నల్సార్, 2008లో విశాఖలో ఇప్పుడు దామోదరం సంజీవయ్య పేరిట ఉన్న విశ్వవిద్యాలయం వచ్చాయి. తీర్పు చదివి చర్చించే పద్ధతి వీటితో మన నేల మీద నిలబడింది. ఇదంతా మేలే చేసింది. ఇందులో ఒక్కదాన్నీ వద్దనను.

రానిదల్లా విస్కాన్సిన్. అక్కడే విల్లర్డ్ హర్స్ట్ అనే ప్రొఫెసర్ తన రాష్ట్రంలో కలప వ్యాపారానికీ చట్టానికీ ఉన్న సంబంధం మీద ఏళ్ల తరబడి పనిచేసి 1964లో పెద్ద గ్రంథం రాశాడు. పత్తి, మిర్చి మీద మన మెట్ట ప్రాంతంలో అలాంటి పుస్తకం ఏది? జి.సి.వి. సుబ్బారావు గారి పుస్తకాలు బట్టీపట్టి పరీక్ష గట్టెక్కిన మన ఊరి పిల్లకు కేశవానంద భారతి కేసులో ఎందరు జడ్జీలు ఎటు నిలిచారో తెలుసు. వాళ్ల నాన్న పురుగుమందుల కొట్టులో రాసిచ్చిన నోటు మీద దావా పడితే ఏం చేయాలో ఆ చదువు చెప్పదు.

నోటు అంటే ఏమిటో మెట్టలో పుట్టినవాడికి చెప్పనక్కర్లేదు. అచ్చువేసిన కాగితం. తేదీ, పేర్లు, అసలు, నూటికి రెండు రూపాయల వడ్డీ. రెవెన్యూ స్టాంపు మీదుగా సంతకం లేదా వేలిముద్ర. కింద ఇద్దరు సాక్షులు, దస్తూరి. వెనక వైపు ఖాళీ. అసలు కథ ఆ ఖాళీలో ఉంటుంది. మూడేళ్లు నిండితే నోటుకు కాలదోషం పడుతుంది. అందుకే గడువు దగ్గరపడగానే అప్పిచ్చినాయన కబురు పెడతాడు. అప్పు తీసుకున్నాయన వెళ్లి వందో, ఐదొందలో ఇచ్చి వెనక చెల్లు రాసి సంతకం పెడతాడు. అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు. ఇలా రెండు మూడు చెల్లులు పడి, ఆపైన నోటు తిరగరాసి, పదేళ్లు కోర్టు మొహం చూడకుండా బతికే అప్పులు ఎన్నో.

మెకాలే చూసినదానికీ మన దగ్గర జరిగేదానికీ తేడా ఇక్కడే కనబడుతుంది. వాళ్లు కాగితాన్ని పక్కనబెట్టి మాట మీద నడిచారు. మనవాళ్లు ప్రతి అప్పుకూ కాగితం రాయించుకుని, దాన్ని బీరువాలో పెట్టి, మాట మీద నడుస్తారు. గడువు మరో వారంలో ముగుస్తుందనగా, చెల్లు వేయడానికి అవతలివాడు రానప్పుడే ప్లీడరు దగ్గరికి పరిగెడతారు. నోటు దావా తేదీలు చూస్తే ఈ సంగతి ఇట్టే బయటపడుతుంది. ఏ గుమాస్తాను అడిగినా చెబుతాడు. ఒక్క లా పత్రికలోనైనా ఇది ఎక్కాలి కదా.

కోర్టులో ఆ రైతు గతి చూడండి. ‘సంతకం నాదేనండీ, కానీ అది ఖాళీ కాగితం’ అంటాడు. నిజమే చెబుతున్నానని అతని నమ్మకం. ఆ మాటతోనే సగం కేసు పోయింది. సంతకం ఒప్పుకుంటే డబ్బు ముట్టిందనే 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 118వ సెక్షన్ అనుకోమంటుంది. ముట్టలేదని చూపించే బరువు రైతు నెత్తినే పడుతుంది. స్టాంపు అంటించిన కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చావంటే, నింపుకోవడానికి అధికారం ఇచ్చినట్టేనని అదే చట్టం 20వ సెక్షన్. ఈ రెండు సెక్షన్లూ పరీక్షలో అడుగుతారు. గుంటూరు యార్డులో మిర్చి ధర పడిపోయిన ఏడు ఆ సెక్షన్ల కింద ఎన్ని కౌలు కుటుంబాలు నలిగాయో పరీక్షలో అడగరు.

ఇంకా ఘోరం అమ్మకం అగ్రిమెంటు. అప్పు ఐదు లక్షలు. నోటు చాలదంటాడు అప్పిచ్చేవాడు. పొలం అమ్ముతున్నట్టు, సొమ్ములో ఎక్కువ భాగం ముట్టినట్టు అగ్రిమెంటు రాయమంటాడు. ‘ఊరికే, భరోసా కోసం’ అంటాడు. రైతు సంతకం పెడతాడు. 2014 తర్వాత రాజధాని పేరు చెప్పి నందిగామ, కంచికచర్ల వైపు భూముల ధరలు లేచాయి. అప్పటి నుంచి అప్పు తిరిగి రావడం కంటే పొలం రావడమే లాభం. దావా వేస్తాడు, రిజిస్ట్రేషన్ చేయించమని. కాగితం మీద ఏది రాసినా, దాన్ని అమలుచేసే ఉద్దేశం ఇద్దరికీ లేదని చూపించడానికి అడ్డులేదని 1981లో గంగాబాయి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మంచి తీర్పు. కానీ చూపించేది ఎలా? దస్తూరి రాసినవాడు అప్పిచ్చినవాడి మనిషి, సాక్షులూ అతని మనుషులే. ఇదివరకు రైతుకు అన్యాయం జరుగుతుందనిపిస్తే, పొలం బదులు డబ్బు ఇప్పించే విచక్షణ కోర్టుకు ఉండేది. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టానికి 2018లో చేసిన సవరణ ఆ విచక్షణను తీసేసింది. పెద్ద ప్రాజెక్టుల కాంట్రాక్టులు నిలబడాలని చేసిన మార్పది. ఎకరం పొలం తాకట్టు పెట్టిన మన రైతుకు దానివల్ల ఏం జరిగిందో ఎవరు లెక్క తీస్తారు? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు వెతికినవాడికి నేను డాక్టరేట్ ఇచ్చేస్తాను, నా చేతిలో ఉంటే.

మార్క్ గాలంటర్ అనే అమెరికా పండితుడు 1950ల చివర మన దేశం వచ్చి, అంటరానితనం మీద చట్టాలు, రిజర్వేషన్లు, మన వకీళ్ల తీరు ఏళ్ల తరబడి చదివాడు. ఆయన 1974లో రాసిన వ్యాసంలో కక్షిదారులు రెండు రకాలు. కోర్టుకు జన్మకొకసారి వచ్చేవాడు, పదేపదే వచ్చేవాడు. పదేపదే వచ్చేవాడికి కాగితం ముందే తనకు అనుకూలంగా రాయించుకోవడం తెలుసు, ఏ కేసులో రాజీపడాలో ఏది పోరాడాలో తెలుసు. చట్టం ఇద్దరికీ ఒకటే అయినా గెలిచేది అతనే. 65వ నంబరు జాతీయ రహదారి మీద లారీ గుద్ది మనిషిని పోగొట్టుకున్న కుటుంబం ఒక పక్క, రోజూ అదే పని చేసే బీమా కంపెనీ ఇంకో పక్క. ట్రాక్టరు కొన్న కౌలు రైతు ఒక పక్క, ఫైనాన్స్ కంపెనీ ఇంకో పక్క. జగ్గయ్యపేట కోర్టు కారిడార్‌లో గంట నిలబడితే గాలంటర్ వ్యాసం కళ్ల ముందే నడుస్తుంది.

నందిగామ పక్కనే వీరులపాడు మండలంలో ఉంది పొన్నవరం. ఆ ఊళ్లో పుట్టి, నాగార్జున విశ్వవిద్యాలయంలో లా చదివిన జస్టిస్ ఎన్.వి. రమణ 2021 ఏప్రిల్ 24న భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆ సెప్టెంబరులో బెంగళూరులో మాట్లాడుతూ, మన న్యాయవ్యవస్థను భారతీయం చేయాలని, పల్లె నుంచి వచ్చిన కక్షిదారు ఇంగ్లిషులో సాగే వాదనలు అర్థంకాక బిక్కుబిక్కుమంటున్నాడని అన్నారు. ఆయన చెప్పింది మా ప్రాంతపు మనిషి మాట. తెలుగులో చెప్పిన సాక్ష్యం ఇంగ్లిషులో రికార్డవుతుంటే, తాను చెప్పిందే రాశారో లేదో ఆ రైతుకు తెలియదు. దాన్ని సరిచేసే పరిశోధన కూడా తెలుగులోనే రావాలని నా కోరిక. పడాల రామిరెడ్డి గారు తెలుగులో లా పుస్తకాలు రాసి దారి వేశారు. ఇప్పుడు కావలసింది ఆ భాషలో కోర్టు ఎలా నడుస్తుందో చెప్పే రచన.

ఒకరు అంటారు, బార్ కౌన్సిల్ ఇప్పటికే మూట్ కోర్టు, ఇంటర్న్‌షిప్, డ్రాఫ్టింగ్ తప్పనిసరి చేసింది కదా అని. చేసింది, మంచిదే. కానీ రికార్డు పుస్తకం నింపి సంతకం పెట్టించుకోవడంతో అది చాలాచోట్ల అయిపోతోంది. చూసిన కేసును అర్థం చేసుకుని రాయించే పని జరగడం లేదు. ఇంకొకరు లోక్ అదాలత్ లెక్కలు చూపిస్తారు, ఇన్ని కేసులు రాజీ అయ్యాయని. రాజీ అయిన మర్నాటి నుంచి ఆ వాయిదాలు ఎంతమంది కట్టారో, ఎన్ని మళ్లీ అమలు పిటిషన్లయి కోర్టుకే వచ్చాయో అందులో ఉండదు. డిక్రీ వచ్చాకే అసలు కష్టాలు మొదలవుతాయని 1872లోనే ప్రివీ కౌన్సిల్ మన దేశం గురించి అంది.

పని పెద్దదేమీ కాదు. ఒక ఏడాదిలో నందిగామ, జగ్గయ్యపేటల్లో పడిన నోటు దావాలు తీసుకోండి. ఎన్ని ఎక్స్‌పార్టీ, ఎన్ని గడువు చివరి వారంలో పడ్డాయి, వాది బంధువా, మందుల కొట్టా, ఫైనాన్సా, డిక్రీ వచ్చినవాటిలో డబ్బు చేతికొచ్చినవి ఎన్ని. ఆ తర్వాత ఊళ్లకు వెళ్లి, దావా దాకా రాని అప్పులు ఎలా తీరుతున్నాయో అడగండి. నాగార్జున విశ్వవిద్యాలయంలోనో, విజయవాడ లా కాలేజీల్లోనో, విశాఖలోనో ఎల్‌ఎల్‌ఎం చేసే పిల్లల్లో ఒక్కరు ఈ ఏడాది తమ డిసర్టేషన్‌గా దీన్ని పెట్టుకుంటే, గుమాస్తాలనూ దస్తూరి రాసేవాళ్లనూ పరిచయం చేసి ఊరూరా తిప్పే బాధ్యత నేను తీసుకుంటాను. ఉత్తరం పత్రికకే రాయండి, నాకు అందుతుంది.