కక్షిదారుని రహస్యమునకు ఎల్లలేల?

వ్యాజ్యమున జిక్కినవాడు తన వకీలుతో, తనకు ప్రతికూలమైన సంగతులతో సహా, ఉన్నదున్నట్లు చెప్పుకొనగలిగినప్పుడే న్యాయస్థానమున వాదము సార్థకమగును గనుక, మన సాక్ష్యచట్టమువలెనే ఆంగ్ల, అమెరికా న్యాయసంప్రదాయములును ఆ సంభాషణమును చిరకాలముగా కాపాడుచు వచ్చినవి. అట్టి రక్షణ కక్షిదారుని జాతీయతను బట్టి సన్నగిల్లుట మిక్కిలి అన్యాయము.

2008లో అమెరికా తన నిఘా చట్టమునకు చేర్చిన 702వ సెక్షను, దేశము వెలుపలనున్న విదేశీయుల ఈమెయిళ్లను, ఫోను సంభాషణలను గూఢచార సమాచారము కొరకు, ఒక్కొక్కరికి వేర్వేరుగా న్యాయమూర్తి వారంటు లేకయే సేకరింపనిచ్చుచున్నది. 2013లో రహస్యపత్రములను బయటపెట్టిన స్నోడెన్ మూలమున వెలికివచ్చిన, అమెరికా నిఘాసంస్థయగు ఎన్‌ఎస్‌ఏ నియమావళిలో వకీలు సంభాషణలకు ప్రత్యేక రక్షణ లేకపోలేదు. కాని అది అప్పట్లో అమెరికాలో క్రిమినల్ అభియోగము మోపబడిన కక్షిదారునికే పరిమితమై యుండెను. సివిల్ దావా నడుపుకొనువాడును, అభియోగమింకను నమోదుకాని అనుమానితుడును నాడు ఆ గీతకు వెలుపలనే యుండిరి.

పోనీ, కోర్టుకెక్కుదమన్నచో? అల్-హరమైన్ అను ధర్మసంస్థ న్యాయవాదులకు 2004లో అమెరికా ట్రెజరీ శాఖ పొరబాటున ఒక రహస్యపత్రమును అందజేసెను. దానిని ఆధారముగా గొని, సౌదీ అరేబియాలోని సంస్థాధికారితో తాము జరిపిన సంభాషణలు నిఘాకు గురియైనవని వారు దావా వేయగా, ఆ పత్రము దేశరహస్యము గావున సాక్ష్యముగా వాడరాదని 2007లో అప్పీలు కోర్టు తీర్పిచ్చెను. బహిరంగాధారములతోనే 2010లో క్రింది కోర్టున వారు గెలిచినను, ప్రభుత్వముపై అట్టి పరిహారపు దావా చెల్లదని 2012లో అప్పీలు కోర్టు ఆ గెలుపును గూడ కొట్టివేసెను. మరుసటి యేట సుప్రీంకోర్టు, నలుగురు న్యాయమూర్తులు విభేదించినను, 702వ సెక్షనును ప్రశ్నించిన న్యాయవాదులు తదితరులు తమపై నిఘా జరుగుట తథ్యమని చూపలేదు గావున వారికి దావా వేయు అర్హతయే లేదనియు, ఫోనును నమ్మక విదేశములకేగి కక్షిదారులను కలియుటకైన వ్యయము వారు స్వయముగా తెచ్చిపెట్టుకొన్నదేననియు పలికెను. రహస్యముగా జరుగు నిఘాకు రుజువు తెచ్చుట ఎవరి తరము?

హైదరాబాదునుండి అమెరికాలోని ఇమ్మిగ్రేషన్ వకీలునకు తన వీసా చిక్కులు వ్రాయు తెలుగు యువకుడును ఆ చట్టము దృష్టిలో విదేశీయుడే. అతని ఉత్తరములు ఎవరో చదువుచున్నారని నేననుట లేదు. చదివినను అతనికి తెలియు మార్గము లేదనుటయే నా ఆవేదన.

ఉగ్రవాదులు వకీలు చాటున దాగుదురన్న భయమును నేను తేలికగా త్రోసిపుచ్చను. బ్రిటనుకును ఆ భయమున్నది. అయినను 2010 నుండి తాను వకీలు సంభాషణల విషయమున అనుసరించిన విధానము చట్టవిరుద్ధమని 2015లో అచటి ప్రభుత్వమే అంగీకరించి, 2016 చట్టమున అట్టి నిఘాకు కఠిన నిబంధనలు చేర్చెను. అమెరికా కాంగ్రెసు సైతము, కక్షిదారుడు ఏ దేశస్థుడైనను, వకీలుతో అతడు జరిపిన ఉత్తరప్రత్యుత్తరములను న్యాయమూర్తి ప్రత్యేకానుమతి లేనిదే తెరువరాదని చట్టములోనే వ్రాయవలెను.