మార్పిడి చేసిన కీలు మళ్ళీ నొప్పిస్తే...

మోకాలి చిప్ప మార్పిడి చేయించుకున్న పెద్దలు ఇప్పుడు మన ఇళ్ళలో అరుదు కాదు. కుర్చీలో కూర్చొని నమాజు చేస్తూ, నొప్పి తగ్గిందన్న తృప్తితో ఉన్న దాదీకో నానాకో రెండేళ్ళ తర్వాత అదే మోకాలు మళ్ళీ నొప్పించసాగితే మనం చేసే మొదటి పని ఎక్స్‌రే తీయించడం. అందులో లోపమేమీ లేదనగానే ఇంటిల్లిపాదీ ఊరట చెందుతారు. ఆ ఊరట తొందరపాటే కావచ్చునని మా మనవి.

ఎక్స్‌రే ఎముకనూ లోహాన్నీ చూపుతుంది, సూక్ష్మజీవిని చూపదు. లోహానికీ ఎముకకూ నడుమ నల్లని గీత వెడల్పవుతూ ఉంటే కీలు వదులైందని వైద్యులు అనుమానిస్తారు. ఆ వదులు అరుగుదల వల్లనా, ఇన్‌ఫెక్షన్ వల్లనా అన్నది ఆ గీత చెప్పలేదు. తొలిదశలో అదీ కనిపించకపోవచ్చు. బాక్టీరియా లోహంపై జిగురుపొర కట్టుకొని నెలల తరబడి దాగి ఉండగలదు. అప్పుడు జ్వరం కూడా రాకపోవచ్చు.

ఎముకల స్కాన్ మామూలుగా ఉంటే కొంత ధైర్యం చెప్పుకోవచ్చు. అయితే ఆపరేషన్ జరిగి ఏడాది దాటినా, ఏ దోషమూ లేని కీలు చుట్టూ కూడా ఆ స్కాన్ వెలుగు చూపుతూనే ఉండవచ్చు.

తెల్లకణాల స్కాన్ పద్ధతి మాత్రం అబ్బురపరుస్తుంది. రోగి రక్తాన్నే కొంత తీసి, తెల్లకణాలను వేరుచేసి, వాటికి స్వల్ప రేడియోధార్మిక గుర్తు తగిలించి తిరిగి ఆ రోగికే ఎక్కిస్తారు. అవి తమ స్వభావం కొద్దీ ఇన్‌ఫెక్షన్ ఉన్న చోటికి చేరతాయి. కొన్ని గంటల తర్వాత ఒకసారి, మరునాడు మరొకసారి చిత్రాలు తీస్తారు. మరునాటికి కీలు వద్ద వెలుగు పెరిగితే అనుమానం బలపడుతుంది. ఐతే తెల్లకణాలు ఎముక మజ్జలోనూ చేరతాయి గనుక, అవసరమైతే మజ్జకు వేరే స్కాన్ తీసి రెండింటినీ పోల్చి చూస్తారు. తెల్లకణాలు చేరిన చోట మజ్జ లేదంటే అది ఇన్‌ఫెక్షన్‌కు గట్టి సూచన. ఈ సదుపాయం న్యూక్లియర్ మెడిసిన్ విభాగమున్న పెద్ద ఆసుపత్రులలోనే ఉంటుంది. పొరుగూరి నుంచి వెళ్ళేవారు రాత్రి బసకు ఏర్పాటు చేసుకోవడం మేలు.

ఇన్ని స్కాన్‌లున్నా ఏ ఒక్క చిత్రమూ తుది తీర్పు కాదు. రక్తంలో సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్ పరీక్షలు చేయించాలి. కీలులోని ద్రవాన్ని సూదితో తీసి కల్చర్‌కు పంపాలి. తుంటి లోతైన కీలు కాబట్టి అక్కడ సూదికి దారి చూపడానికి అల్ట్రాసౌండో ఎక్స్‌రేనో తోడవుతుంది.

మన ఇళ్ళలో తరచు పొరపాటు జరిగేది ఇక్కడే. నొప్పి మొదలవగానే మందుల దుకాణంలో యాంటీబయాటిక్ కొని నాలుగు రోజులు మింగిస్తారు. ఇన్‌ఫెక్షన్ పోదు, కల్చర్‌లో మాత్రం క్రిమి దొరకకుండా పోవచ్చు. ఏ క్రిమో తెలియకుంటే ఏ మందు వాడాలో వైద్యుడు ఊహించుకోవలసి వస్తుంది. ఇప్పటికే మందు వాడి ఉంటే దాచకుండా చెప్పి, ఆ మాత్రల పట్టీని వెంట తీసుకువెళ్ళండి. జ్వరం, కీలు ఎర్రబారడం, కుట్ల చోట చీము కారడం కనిపిస్తే ఏ స్కాన్ కోసమూ ఆగకుండా అదే రోజు ఆపరేషన్ చేసిన వైద్యుని వద్దకు వెళ్ళండి.