అమ్మమ్మ ఫోన్‌కి అడ్మిన్ ఎవరు?

"పెద్దావిడ, ఆవిడకేం తెలుస్తుంది? మనమే చూసుకుందాం." ఈ మాట వినని ఇల్లు ఉండదేమో. అందులో ప్రేమ ఉంది, కాదనను. కానీ ఆ తర్వాత ఏం జరుగుతుందో చూడండి. ఏటీఎం కార్డు కొడుకు జేబులోకి వెళ్తుంది. ఓటీపీ మనవడి ఫోన్‌కి వస్తుంది. డాక్టర్ పేషెంటుని వదిలేసి పక్కన నిల్చున్నవాళ్లతో మాట్లాడతారు. ఊళ్లో ఇల్లు అమ్మాలా వద్దా అన్నది అమెరికా నుంచి వీడియో కాల్‌లో తేలిపోతుంది.

మతిమరుపు మొదలయ్యాక ఇవన్నీ తప్పవు కదా అంటారు. నా అభ్యంతరం అక్కడే. బ్యాంకు కాగితాలు అర్థం కాని మనిషికి కూడా తను ఎవరి దగ్గర ఉండాలో, ఆపరేషన్ కావాలో వద్దో స్పష్టంగా తెలిసి ఉండొచ్చు. సాయంత్రం తికమకపడే మనిషి పొద్దున్న చక్కగా మాట్లాడొచ్చు. అందుకే ఏ నిర్ణయానికి ఆ నిర్ణయం విడిగా చూడాలి. ఫోన్‌లో ఒక యాప్‌కి లొకేషన్ ఆపేస్తే కెమెరా కూడా ఆగిపోదు, ఏ పర్మిషన్ దానిదే. అమ్మమ్మ విషయంలో మాత్రం ఒక్కసారే అడ్మిన్ రైట్స్ మొత్తం లాగేసుకుంటాం.

ఈ విషయంలో చట్టం మనకంటే నయం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 4వ సెక్షన్ చూడండి. చికిత్స గురించి ఒకరు తీసుకున్న నిర్ణయం ఇతరులకి తప్పుగా అనిపించినంత మాత్రాన, వాళ్లకి నిర్ణయించుకునే సామర్థ్యం లేదని అనకూడదు. వివరాలు కూడా వాళ్లకి అర్థమయ్యే తేలిక మాటల్లో, అవసరమైతే బొమ్మలతో, సైగలతో చెప్పాలి. మన ఇళ్లలో అసలు చెప్పడమే ఉండదు.

మరి సైబర్ మోసాల సంగతేంటి? భయం నిజమే. కానీ "డిజిటల్ అరెస్ట్" కాల్స్‌కి చదువుకుని ఉద్యోగాలు చేసేవాళ్లూ డబ్బు పోగొట్టుకున్నారు. వాళ్ల ఫోన్లు ఎవరూ లాక్కోలేదే! పెద్దవాళ్లని అడిగి, వాళ్లు సరేనంటే ట్రాన్సాక్షన్ లిమిట్ తగ్గించొచ్చు. 1930 హెల్ప్‌లైన్ నంబర్ పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించొచ్చు. పైగా మోసం చేసేది బయటివాళ్లే కాదు. చూసుకుంటామన్న షరతుతో ఆస్తి రాయించుకుని తర్వాత పట్టించుకోకపోతే ఆ బదిలీని రద్దు చేయించుకునే వీలు 2007 చట్టంలో పెట్టాల్సి వచ్చిందంటే, ఎందుకో ఆలోచించండి.

ఈసారి ఇంటికెళ్లినప్పుడు ఇలాంటి చర్చ జరిగితే, ఆ గదిలోకి ముందు వాళ్లని పిలవండి. "నీకేం కావాలి?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి. ఆ జవాబు మనకి నచ్చకపోవచ్చు. అయినా ఆ జీవితం వాళ్లది.